మచ్చ పోయిన పెద్దాయన

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవాలి, కాఫీ తాగాలి, పెరట్లో కొలనులో ఒక కాగితం ముక్క ముంచి రంగు చూడాలి. అది ఆకుపచ్చగా ఉందని సంతోషించి, వీధివైపు గదిలో ఉన్న క్లినిక్ తలుపు తీయాలి. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. కానీ లేస్తూనే ఆయన మంచం అంచున కూర్చున్నాడు. అక్కడ ఆయనకంటే ముందే ఆయన కళ్ళద్దాలు కూర్చుని ఉన్నాయి.

అద్దాలు లేకపోతే డాక్టరుకి ఎదురుగా ఉన్నది తలుపో భార్యో తెలియదు. కొత్తవి చేయడానికి వారం పడుతుందని కళ్ళద్దాల షాపువాడు నిద్రమత్తులోనే ఫోనులో చెప్పేశాడు. అదృష్టవశాత్తు క్లినిక్‌లో ఇంకో జత ఉంది. పంటికి సిమెంటు పూశాక దాన్ని గట్టిపరచడానికి నీలి లైటు వేస్తారు. ఆ వెలుగు కళ్ళకి మంచిది కాదు కాబట్టి డాక్టర్లు నారింజ రంగు అద్దాలు పెట్టుకుంటారు. ఈయన ఆ జతకి తన పవరు కూడా వేయించుకున్నాడు. పెట్టుకోగానే ఇల్లంతా అగ్నిప్రమాదంలో చిక్కుకున్నట్టు కనిపించింది. కాఫీ తాగేసరికి ఆ మంటలు చల్లారాయి. గోడ గోడలాగే, పాలు పాలలాగే ఉన్నాయి. మనిషి కన్ను దేనికైనా అలవాటు పడిపోతుంది.

"ఏమండీ, వాటితో వీధిలోకి మాత్రం వెళ్ళకండి. వెల్డింగు చేసేవాడనుకుని గేటు అతికించమంటారు," అంది భార్య, చెప్పులు వేసుకుంటూ. ఆవిడ రైల్వే ఆఫీసులో టైంటేబుళ్ళు వేస్తుంది. చలికాలం వచ్చిందంటే వెలుగు రాకముందే వెళ్ళి వెలుగు పోయాక వస్తుంది. తను వేసిన టైంటేబులు ప్రకారం రైళ్ళు నడవకపోవచ్చు గానీ ఆవిడ నడుస్తుంది.

కొలను అత్తగారిది. అందులో చేప ఒక్కటే, మూరెడు పొడవున్న కోయి అనే జపాను రంగుచేప. ఒళ్ళంతా పాలతెలుపు, తల మీద మాత్రం లేత నారింజ రంగు మచ్చ. మావయ్యగారు బతికుండగా సంచిలో పెట్టుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చిన చేప అది. ఆయన పోయాక అత్తగారు దాన్ని "పెద్దాయన" అని పిలవడం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ చేపకి ఏమైనా అయితే అత్తగారికి మావయ్యగారు రెండోసారి పోయినట్టేనని ఇంట్లో అందరికీ తెలుసు.

అటువంటి చేపని అల్లుడి చేతిలో పెట్టి, చిన్నకూతురు ప్రసవానికి వెళ్ళాల్సి వచ్చింది అత్తగారికి. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషి. వెళ్ళేముందు కొలను గట్టున నిలబడి పాఠం చెప్పింది.

"చలికాలంలో చేపకి చేయాల్సింది ఏమీ లేదు అల్లుడుగారూ. మేత వేయకండి, తిన్నా దానికి అరగదు, నీళ్ళు పాడవుతాయి. నీళ్ళు మార్చకండి. ఫిల్టరులో ఆల్చిప్పల సంచి ఉంది, నీళ్ళ స్వభావం మారకుండా అదే చూసుకుంటుంది. వారానికోసారి ఈ కాగితం ముంచండి. ఆకుపచ్చగా ఉంటే బాగున్నట్టు. పసుపుకి తిరిగితే నీళ్ళు పులుస్తున్నట్టు. అప్పుడు నాకు ఫోను చేయండి. మీరు మాత్రం ఏమీ చేయకండి."

ఆ "మీరు మాత్రం" అన్న మాటకి ఒక చరిత్ర ఉంది. పెళ్ళైన కొత్తలో అత్తగారు పంటి నొప్పితో అల్లుడి క్లినిక్‌కి వచ్చింది. అల్లుడు కొత్త, అత్తగారు కొత్త, కంగారు పాతది. నొప్పి ఉన్న పన్ను ఉండగా, దాని పక్కనున్న అమాయకపు పన్ను పీకేశాడు. అత్తగారు కోప్పడలేదు. "పర్వాలేదు లెండి, అదీ ఎప్పుడో ఒకప్పుడు ఊడాల్సిందే కదా," అంది. అప్పటి నుంచీ ఊరికి ఆ చివర ఉన్న ఇంకో డాక్టరు దగ్గరికి రెండు బస్సులు మారి వెళ్తోంది. ఇంట్లో భోజనానికి కూర్చుంటే రెండో వైపు నములుతుంది. ఆ నమలడం చూసినప్పుడల్లా డాక్టరుకి ముద్ద దిగదు. ఇన్నేళ్ళకి ఆవిడ తనని నమ్మి ఒక ప్రాణిని అప్పగించింది. ఇది మళ్ళీ పరీక్ష రాసే అవకాశం. ఈసారి తప్పకూడదు.

అలా అనుకుంటూనే కాగితం ముంచాడు. పైకి తీసి చూస్తే పసుపు పచ్చగా ఉంది.

ఆ కాగితాల సీసా మీద రంగుల పట్టీ ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి తడిసి ఆ పట్టీ ఎప్పుడో ఊడిపోయింది. అత్తగారికి రంగులన్నీ కంఠతా వచ్చు కాబట్టి కొత్త సీసా కొనలేదు. డాక్టరుకి కూడా పట్టీ అవసరం కనిపించలేదు. తెలుపులో పదహారు రకాలు చెప్పగల కన్ను తనది. పళ్ళకి రంగు కలపడంలో తన తరవాతే ఎవరైనా అని ఆయన గట్టి నమ్మకం. ఆ కంటి ముందు నారింజ అద్దం ఉందన్న సంగతి మాత్రం కాఫీతో పాటే లోపలికి వెళ్ళిపోయింది.

ఫోను చేద్దామని తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు. "ఆవిడ అలా వెళ్ళిందో లేదో నీళ్ళు పులిశాయంటే ఏమనుకుంటుంది? పర్వాలేదు లెండి అంటుంది. ఆ మాట ఇంకోసారి వింటే నేను బతకను." పులుపుకి విరుగుడు వంట సోడా అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. వంటింట్లోంచి ఒక చెంచాడు తెచ్చి కొలనులో కలిపాడు. కాసేపాగి కాగితం ముంచితే మళ్ళీ పసుపే. మరో రెండు చెంచాలు వేశాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదన్నారు. డాక్టరుకి బోడిగుండు ఎప్పుడో వచ్చింది గానీ ఊరుకోవడం రాలేదు.

ఆ సాయంత్రం క్లినిక్ మూసే వేళకి రంగుచేపల కొట్టాయన వచ్చాడు. సీసా మూత పళ్ళతో తీయబోతే ముందు పన్ను సగం విరిగిందట. అప్పటికి చీకటి పడింది, కొట్టు ఇంకా తెరిచే ఉంది, ఆయన తొందరలో ఉన్నాడు. డాక్టరు పళ్ళ రంగుల పట్టీ తీసి, పదహారు తెలుపుల్లోంచి ఒకటి ఠకీమని ఎంచి, సిమెంటు పూసి, నీలి లైటు వేసి, విరిగిన పన్నుని అతికినట్టు నిలబెట్టాడు. "చూసుకోండి, ఏది దేవుడిచ్చిందో ఏది నేనిచ్చిందో చెప్పలేరు!" అన్నాడు. పెదవి మొద్దుబారి ఉన్న కొట్టాయన అద్దం వైపు చూడకుండానే దండం పెట్టి పరుగెత్తాడు.

మర్నాడు పొద్దున ఎండ పొడకి పెద్దాయన అడుగు నుంచి మెల్లగా పైకి వచ్చాడు. డాక్టరు వంగి చూసి, గట్టు మీద అలాగే కూలబడ్డాడు. చేప తల మీద మచ్చ లేదు! తల నుంచి తోక దాకా ఒకటే రంగు.

"నా చేత్తో నేనే చంపుకుంటున్నాను," అనుకున్నాడు. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పులుపు పోగొట్టడానికి సోడా వేస్తే చేప రంగు కరిగిపోయింది. కాగితం ఇంకా పసుపుగానే ఉంది, అంటే పులుపూ పోలేదు. సోడా ఎక్కువైందా, తక్కువైందా? ఆలోచించి, తక్కువైందని తేల్చుకుని ఇంకో గుప్పెడు వేశాడు. ఇలాంటి తెలివి కాలేజీలో నేర్పరు, పుట్టుకతో రావాలని తన మీద తనే విసుక్కున్నాడు కూడా. విసుక్కుంటూనే వేశాడు.

భార్యకి చెబితే అత్తగారికి చెప్పినట్టే. అందుకని ఎవరికీ చెప్పకుండా చేపల కొట్టుకి ఫోను చేశాడు.

"మూరెడు పొడవు కోయి కావాలండీ. తెల్లగా ఉండాలి, తల మీద నారింజ మచ్చ ఉండాలి."

"ఉంది డాక్టరుగారూ, నేనే తెస్తాను. మీతో పన్ను సంగతి కూడా మాట్లాడాలి," అన్నాడు కొట్టాయన. గొంతులో ఏదో తేడా ఉంది. డాక్టరు పట్టించుకోలేదు. అసలు చేప కోలుకునే దాకా ఈ కొత్తది కొలనులో తిరుగుతూ ఉంటే, అత్తగారు వచ్చినా గండం గడుస్తుందని ఆయన లెక్క.

కొట్టాయన నీళ్ళ సంచితో వచ్చాడు. డాక్టరు సంచి అందుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

"మచ్చ ఏదండీ?"

"అదిగో, తల మీద!"

"తల ఉంది. మచ్చ లేదు."

"అంత మచ్చ పెట్టుకుని లేదంటారేమిటండీ? సరే, అది అలా ఉంచండి. నా పన్ను చూడండి. మా ఆవిడ నిన్నటి నుంచీ నవ్వడం ఆపలేదు. నోట్లో మొక్కజొన్న గింజ అంటించుకొచ్చావా అంటోంది."

డాక్టరు ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తి చూశాడు. "బ్రహ్మాండంగా కలిసిపోయింది. మీ ఆవిడకి కళ్ళ పరీక్ష చేయించండి."

"నా పన్ను పసుపండీ!"

"మీ చేపకి మచ్చ లేదండీ!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డాక్టరు పనితనం లేనివాడని కొట్టాయనకీ, కొట్టాయన మోసగాడని డాక్టరుకీ అర్థమైపోయింది. ఇద్దరూ మర్యాదస్తులు కావడం వల్ల ఆ మాట పైకి అనలేదు. ఆ నారింజ అద్దాలు పళ్ళ డాక్టర్లకి మామూలేనని కొట్టాయన వాటి సంగతి ఆలోచించలేదు. సంచిలో చేప ఎక్కువసేపు బతకదు కాబట్టి దాన్ని కొలనులో వదిలారు. మచ్చ కనిపించేదే కావాలంటే రేపు కనిపించేదే తెస్తానని, తెచ్చాక మాత్రం పన్ను సరిచేయాలని కొట్టాయన షరతు పెట్టి వెళ్ళాడు.

తరవాత తెచ్చిన చేపకి మచ్చ అరచేయంత ఉంది. డాక్టరు "లేదు" అన్నాడు. ఆ తరవాత తెచ్చినదానికి తల మొత్తం మచ్చే. డాక్టరు దాన్ని చాలాసేపు చూసి, నిట్టూర్చి, "మీరు నాతో ఆడుకుంటున్నారు," అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇద్దరూ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఈ లోపు కొలనులో చేపలు నాలుగయ్యాయి. నాలుగూ చలికి అడుగున చేరి, పక్కపక్కనే పడుకుని, పైన మనుషులు ఎందుకు అరుచుకుంటున్నారో తెలియక రెక్కలు ముడుచుకున్నాయి.

ఇంట్లో కథ ఇంకో దారిలో నడుస్తోంది. భార్యకి మొదట వంటింట్లో సోడా డబ్బా ఖాళీగా కనిపించింది. కొత్తది తెచ్చిపెట్టింది, మర్నాటికి అదీ ఖాళీ. బీరువా వెనక దాచిన పెద్ద సోడా సంచి ఒకటి దొరికింది. మొగుడు సరిగ్గా తినడం లేదు. అడిగితే "ఏమీ లేదు" అంటాడు. తను బయల్దేరే వేళకే పెరట్లోకి వెళ్ళి, చేతిలో చెంచాతో తిరిగొస్తాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

"ఏమండీ, కడుపులో మంటగా ఉంటోందా?" అని అడిగింది ఓ సాయంత్రం, మెత్తగా.

"గుండెల్లో ఉంటోంది," అన్నాడు డాక్టరు, నిజమే చెప్పేసి.

ఆవిడ మొహం పాలిపోయింది. సోడా కడుపు మంటకి అందరూ వాడతారు, కానీ సంచుల లెక్కన తినేవాడిని ఎక్కడా చూడలేదు. ఆ రోజు నుంచీ డాక్టరు కంచంలోకి ఉప్పూ కారం లేని గంజి వచ్చింది. తను చేసిన పాపానికి ఇదే శిక్ష కాబోలనుకుని ఆయన నోరెత్తకుండా తాగాడు. ఆ నోరెత్తకపోవడం చూసి ఆవిడకి భయం రెట్టింపైంది. గంజి పెట్టినా మాట్లాడలేదంటే మనిషి లోపల ఎంత బాధపడుతున్నాడో! అమ్మకి ఫోను చేసి ఏడ్చింది.

శనివారం పొద్దున గేటు ముందు ఆటో ఆగింది. అత్తగారు దిగింది.

డాక్టరు కిటికీలోంచి చూశాడు. చిన్నకూతురి దగ్గర ఇంకా నెలరోజులు ఉండాల్సిన మనిషి! చేప సంగతి తెలిసిపోయింది. ఎలా తెలిసింది? హెడ్‌మిస్ట్రెస్‌లకి ఎలాగో తెలుస్తుంది. ఎదురెళ్ళి సంచి అందుకున్నాడు.

"ఎలా ఉంది అల్లుడుగారూ?" అంది అత్తగారు, ఎన్నడూ లేనంత జాలిగా ఆయన మొహంలోకి చూస్తూ.

"తిరుగుతోందండీ... మెల్లగా తిరుగుతోంది," అన్నాడు డాక్టరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే, "నేనేమీ చేయలేదు" అని కూడా చేర్చాడు.

కడుపులో మంట తిరుగుతోంది కాబోలని అత్తగారు తల ఆడించింది. సరిగ్గా అప్పుడే తెరిచిన గేటులోంచి చేపల కొట్టాయన విసవిసా లోపలికి వచ్చాడు.

"డాక్టరుగారూ, ఇంక నా వల్ల కాదు! మూడు చేపలిచ్చాను. మచ్చ లేదు లేదంటూ మూడింటినీ కొలనులో వేయించుకున్నారు. నా పన్ను మాత్రం ఇలాగే ఉంచారు! కొట్టుకొచ్చే పిల్లలు చేపల్ని మానేసి నన్ను చూసిపోతున్నారు!"

"మూడు చేపలేమిటి?" అంది అత్తగారు.

"సోడా తినేది మీరు కాదా?" అంది భార్య, గుమ్మంలోంచి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన చేపల కొట్టాయన. ఇక దాచి లాభం లేదని డాక్టరు చేతులు కట్టుకుని తల వంచాడు.

"అత్తయ్యగారూ, నీళ్ళు పులిశాయి. మీకు చెప్పడానికి మొహం చెల్లక సోడా వేశాను. పెద్దాయన తల మీద మచ్చ పోయింది. మావయ్యగారు తెచ్చిన చేపని నా చేతులారా పాడుచేశాను. అప్పుడు పన్ను, ఇప్పుడు చేప. నాకు ఏదీ అప్పగించకూడదండీ."

అత్తగారు పెరట్లోకి నడిచింది. వెనక ముగ్గురూ నడిచారు. ఆవిడ గట్టు మీద వంగి నీళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత సీసాలోంచి కాగితం తీసి ముంచి, అల్లుడి మొహం ముందు పట్టింది.

"ఇది ఏ రంగు?"

"పసుపండీ."

"నా జుట్టు ఏ రంగు?"

"తెలుపండీ."

"అమ్మాయి కప్పుకున్న శాలువా?"

డాక్టరు భార్య వైపు చూశాడు. "బూడిద రంగు."

"అది నీలం శాలువా అండీ! మీరే కొన్నారు!" అంది భార్య.

అత్తగారు బడిపిల్లాడి చేతిలోంచి గోళీలు లాక్కున్నంత తేలిగ్గా ఆయన మొహం మీది అద్దాలు తీసేసింది. లోకం మసకబారింది. కానీ ఆ మసకలో భార్య భుజాల మీద నీలం వెలిగింది. అత్తగారి వేళ్ళ మధ్య కాగితం లేత ఆకుపచ్చగా ఉంది. నీళ్ళ అడుగున నాలుగు తెల్లటి ఆకారాలు, ఒక్కొక్కదాని తల మీద ఒక్కో నారింజ మరక. డాక్టరు మెల్లగా కొట్టాయన వైపు తిరిగాడు. గుర్తు పట్టడానికి వీల్లేనంత మసక మొహంలో, సరిగ్గా మధ్యన, పసుపు చుక్క ఒకటి దీపంలా మెరిసింది.

"అయ్యబాబోయ్!" అన్నాడు డాక్టరు.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మా అల్లుడుగారు పవరు వేయించి మరీ కామెర్లు చేయించుకున్నారు," అంది అత్తగారు.

"మరి నేను ఇన్నాళ్ళూ వేసిన సోడా?"

"ఆకుపచ్చలో ఒక పిసరు నీలం తిరిగింది, అంతే. నీళ్ళు ముందు నుంచీ నిలకడగానే ఉన్నాయి. ఆ ఆల్చిప్పలు అంత తేలిగ్గా చలించనివ్వవు."

"ఆ పిసరు తగ్గించడానికి ఏమైనా వేయనా అండీ?"

అత్తగారు చూసిన చూపు, అద్దాలు లేకపోయినా ఆయనకి స్పష్టంగా కనిపించింది. ఆవిడ గట్టు రాయి మీద వేలితో రెండుసార్లు తట్టింది. నాలుగింటిలో ఒకటి మాత్రం కదిలి, తీరిగ్గా పైకి వచ్చి, ఆవిడ చేతి కింద ఆగింది. మిగతా మూడూ కాస్త ఆగి దాని వెనకే వచ్చాయి.

"చలికాలంలో కొత్త చేపల్ని కలుపుతారా ఎవరైనా?" అని గదిమింది ముందు. తరవాత గొంతు తగ్గింది. "ఆయన పోయాక ఇది ఒక్కటే తిరిగేది. తోడు తెద్దామంటే నాకు మనసొప్పలేదు. మీరు కళ్ళు కనపడక తెచ్చారు కాబట్టి సరిపోయింది. ఉండనివ్వండి."

డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. కొట్టాయన మాత్రం ఇంకా తన పన్ను దగ్గరే ఉన్నాడు. "నా సంగతేమిటమ్మా?" అన్నాడు దీనంగా. అత్తగారు ఆయన నోట్లోకి తొంగి చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, అల్లుడి ముందు నోరారా నవ్వింది. పక్కన, అప్పుడు అల్లుడు పీకిన పన్ను ఖాళీ కనిపించింది.

"మీరు అదృష్టవంతులు బాబూ. మీకు రంగే మార్చారు, పన్ను ఉంచారు."

కొత్త అద్దాలు సోమవారం వచ్చాయి. డాక్టరు మొదట కొట్టాయన పన్నుని పదహారు తెలుపుల్లో అసలైనదానికి మార్చి, అద్దం చేతికిచ్చి, ఆయన తల ఊపే దాకా కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఆయన వెళ్ళగానే లోపలి తలుపు తెరుచుకుంది. అత్తగారు వచ్చి రోగుల కుర్చీలో కూర్చుంది.

డాక్టరు కొత్త అద్దాలు సర్దుకున్నాడు. "అత్తయ్యగారూ, మీరు... నా దగ్గరా?"

"రెండు బస్సులు మారే ఓపిక లేదు. కింద పన్ను ఒకటి పీకాలి," అంది ఆవిడ, తల వెనక్కి వాల్చి.

డాక్టరు లైటు వేశాడు. అత్తగారి కుడి చెంప మీద గుండ్రంగా ఒక నారింజ రంగు స్టిక్కర్ అంటించి ఉంది. బళ్ళో బాగా చదివిన పిల్లల పుస్తకాల మీద అంటించేవాటిలో మిగిలినది కాబోలు. ఆవిడ దాని మీద వేలు పెట్టి చూపించి, నోరు తెరిచేముందు ఒక్కమాట అంది.

"మచ్చ కనిపిస్తేనే పట్టకారు తీయండి, అల్లుడుగారూ."